బూడిద బిల్లుకు బాబాయి ఇచ్చిన మాట

కాస్త ఆగండి. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి ఇది వినండి, ఎందుకంటే బూడిద బిల్లు ఎలా గట్టెక్కిందో ఇప్పుడు అందరూ చెప్తున్నారు గానీ, అందరూ మధ్యలో ఒక ముక్క వదిలేసి చెప్తున్నారు. ఆ ముక్క వదిలేస్తే ఇంక కథలో ఏమీ మిగలదు.

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సైకిల్ షాపు మీద గదిలో కలవాలి, ఎప్పటిలాగే రిహార్సల్ చేసుకోవాలి, టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు పోవాలి. ఆ గది కిటికీ తీస్తే కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, వాటి పక్కనే ప్రహరీని దాటి పెరిగిపోయిన బూడిద గుట్ట కనిపిస్తాయి. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదంతా తెచ్చి అక్కడ పోస్తారు. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి, తుడిచిన గచ్చు మళ్లీ తుడుచుకోవాలి. అందుకే కిటికీ ఎవరూ తియ్యరు.

ఈ గుట్టల మీద శాసనసభలో ఒక బిల్లు పెట్టారు. ప్లాంట్లు బూడిదను తడిపి, కప్పి ఉంచాలని, ఇళ్లకు దగ్గరగా ఉన్న గుట్టల్ని తీసెయ్యాలని అందులో ఉంది. దానికో పొడుగాటి పేరు ఉంది గానీ వీధిలో అందరికీ అది బూడిద బిల్లే. సభలో సగం మంది అవునంటున్నారు, సగం మంది కాదంటున్నారు, ఎటూ తేల్చనివాళ్లు కొద్దిమంది ఉన్నారు. ఆ కొద్దిమందిలో ఈ వీధి ఓట్లతో గెలిచిన మెంబరు గారు ఒకరు. ఆయన్ని కలవడానికి వీధి కమిటీ ఎన్నిసార్లు టైము అడిగిందో లెక్కలేదు. ఆయన ఇవ్వలేదు. ఇచ్చిన రోజున మాత్రం ఎవరూ తడబడకూడదని కమిటీ పెద్దయిన రిటైర్డ్ సైన్సు మాస్టారు పట్టుబట్టి ప్రతి ఆదివారం రిహార్సల్ పెట్టించేవారు. ఆయన లెక్కలో ల్యాబులో చెయ్యనిది పరీక్షలో చెయ్యకూడదు.

రిహార్సల్‌లో మెంబరు వేషం సెలూన్ బాబాయిది. ఆ పనికి ఆయన్ని మించిన మనిషి దొరకడు. పొద్దుట లేచింది మొదలు మనుషుల తలలు పట్టుకుని, వాళ్లు చెప్పేదంతా వింటూ, దేనికీ అవుననకుండా, దేన్నీ కాదనకుండా గడపడమే ఆయన వృత్తి. కుర్చీలో కూర్చోగానే వాచీ చూసుకునేవాడు. గుమ్మంలో ఎవరూ లేకపోయినా ఎవరికో చెయ్యి ఊపేవాడు. "చూద్దాం" అనేవాడు. ఎంత ఏడ్చి మొత్తుకున్నా "పైవాళ్లతో ఒక మాట అనుకోవాలి" అనేవాడు. మాస్టారి రూలు ఒకటే: ఆయన కుర్చీలో ఉన్నంతసేపూ ఆయన మెంబరు గారే. ఎవరి నోట్లోంచైనా బాబాయి అనే మాట జారిందో, అందరూ లేచి గుమ్మం బయటికి వెళ్లి మళ్లీ మొదటి నుంచీ రావాలి. బాబాయిని కట్టుకున్న పిన్నికి కూడా ఇందులో మినహాయింపు లేదు. ఇంట్లో అనని "గారు" అక్కడ అనాల్సి వస్తోందని ఆవిడ బాధ ఆవిడది.

అసలు మాట్లాడాల్సింది బాబాయికి అన్నకూతురు. కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది కాబట్టి వీధికంతా కళ్లద్దాల అక్క. మసకగా కనిపిస్తోంది, నంబరు మారిందేమో చూడమ్మా అని ఎవరైనా వస్తే, అద్దాలు తుడిచి, నంబరు మారలేదండీ, బూడిద, అని చేతిలో పెట్టి పంపించేస్తుంది. అబద్ధం ఆడటం చేతకాదు, అందుకే షాపు ఓనరుకు ఆవిడంటే గౌరవమూ ఉంది, భయమూ ఉంది. ఆవిడ కూతురు ఆరో క్లాసు. ఆ పిల్లకు ఉబ్బసం. మందులు నేను రాసిస్తాను గానీ గాలి రాసివ్వలేను అని డాక్టరు చేతులెత్తేశాడు. ఇల్లు మారదామంటే ఆ గుట్ట పక్క ఇల్లు కొనే మనిషి కావాలి. బిల్లు నెగ్గితే ఆ పిల్ల ఊపిరి తీసుకుంటుంది. లేకపోతే లేదు. ఆవిడకు సంబంధించినంతవరకు శాసనసభ ఉన్నది ఇందుకే.

ఆవిడ ఎప్పుడూ గాలిలో దుమ్ము లెక్కలు చదివేది. ఆ ఆదివారం మాస్టారు కాగితం పక్కన పెట్టి మాట్లాడమన్నారు.

"మా అమ్మాయి క్లాసు పై అంతస్తులో మెంబరు గారూ," అంది. "ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే మెట్ల మీదే ఆగిపోతుంది. ఆగినట్టు ఎవరికీ తెలియకూడదని బ్యాగు తెరిచి ఏదో వెతుక్కుంటున్నట్టు చేస్తుందిట. నిన్న వాళ్ల టీచరు నన్ను పిలిచి, మీ అమ్మాయి రోజూ ఏదో ఒకటి మర్చిపోయి వస్తోంది, కాస్త చూసి పంపండి అంది."

బాబాయి వాచీ చూసుకోలేదు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ జుట్టు కత్తిరించింది ఆయనే, ఈ బ్యాగు సంగతి మాత్రం ఆయనకూ తెలియదు.

"ఇంకేం చెప్పకమ్మా," అన్నాడు. చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఆ బిల్లుకు నేను ఓటేస్తాను. ఎవరు అడ్డమొచ్చినా వేస్తాను. ఇది నా మాట."

మాస్టారికి ఎక్కడలేని కోపం వచ్చింది. మెంబరు ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ప్రాక్టీసు ఎలా అవుతుందని, ఏడవడానికి వచ్చారా, కాదనడానికి వచ్చారా అని బాబాయిని గట్టిగా నిలదీశారు. బాబాయి తల దించుకున్నాడు. అయితే ఈ చీవాట్లేవీ పిన్ని ఫోనులో పడలేదు. ఆవిడ ప్రతి రిహార్సలూ రికార్డు చేస్తుంది, కానీ ఆ క్షణాన కళ్లు తుడుచుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి ఫోను ఆపేసింది.

ఇంటికి వెళ్లాక, ఆ వారం రానివాళ్లు కూడా విని నాలుగు కన్నీళ్లు పెట్టుకుంటారని ఆ ముక్క కమిటీ గ్రూపులో పెట్టింది. కింద "మెంబరు గారు ఒప్పుకున్నారు, వినండి" అని రాసింది. కమిటీలో అందరికీ ఆ మెంబరు గారెవరో తెలుసు. కమిటీలోనే ఉన్న బేకరీ ఆవిడకూ తెలుసు. వెనక వీధివాళ్లు ఎన్నిసార్లు పిలిచినా మీటింగులకు రారని ఆవిడకు మంట, అందుకని వాళ్లు కుళ్లుకోవాలని అది వాళ్ల గ్రూపులోకి తోసింది. అక్కడ మాత్రం ఎవరికీ తెలియదు.

వెనక వీధి సంబరపడింది. అక్కడి నుంచి అది కాలనీలోకి, కాలనీ నుంచి బస్సు డిపోలోకి, డిపో నుంచి ఎక్కడెక్కడికో పోయింది. అది మెంబరు గొంతేనా అని ఒక్కరూ అడగలేదు. ఎన్నికలు అయ్యాక ఆయన గొంతు విన్నవాళ్లెవరూ లేరు మరి. మధ్యాహ్నం దాటేసరికి మెంబరు ఆఫీసు ఎదురుగా ధన్యవాదాల బ్యానరు లేచింది. దాని మీద ఆయన బొమ్మ ఆయన కంటే పెద్దగా ఉంది.

ఆఫీసులో ఉన్నది పీఏ. మెంబరు గారు ఎవరికేం చెప్పినా ముందు తనకు తెలియాలి, తనకు తెలియకుండా ఏదైనా జరిగిందంటే తన కుర్చీకే అవమానం. మొదటి ఫోను రాగానే ఒక్క క్షణం తడుముకున్నాడు. ఆ తర్వాత, అవునండీ, సార్ ఎప్పటి నుంచో అదే అంటున్నారు, అనేశాడు. పదిమందికి అలా చెప్పాక అతనికే నమ్మకం కుదిరింది. పత్రికవాళ్లు అడిగినప్పుడు ఇంకొంచెం కలిపి చెప్పాడు.

మర్నాడు పొద్దునే కళ్లద్దాల అక్క షాపుకు సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్లింది. బాబాయి వద్దన్నాడు, పిన్ని కాళ్లావేళ్లా పడింది. బిల్లు నెగ్గాలని ఆవిడకు వాళ్లందరికంటే ఎక్కువే ఉంది, కానీ దొంగ గొంతు మీద నెగ్గితే రేపెవరైనా ఊది పడేస్తారని ఆవిడ భయం.

"సార్, అందులో మాట్లాడింది మెంబరు గారు కాదండీ, మా బాబాయి," అంది.

పీఏ జాలిగా నవ్వాడు. "ఇన్నేళ్లుగా సార్ దగ్గర చేస్తున్నాను. సార్ గొంతు నాకు తెలీదా అమ్మా?"

"మా బాబాయికి సెలూన్ ఉందండీ. మేము రిహార్సల్ చేస్తూ..."

"సెలూన్ లైసెన్సు పనా? కాగితం ఇచ్చి వెళ్లండి, చూద్దాం."

ఆవిడ వదల్లేదు, మొత్తం చెప్పుకొచ్చింది. పీఏ ముఖంలో జాలి పోయి అనుమానం వచ్చింది. మిమ్మల్ని ప్లాంటువాళ్లు పంపించారా అని నెమ్మదిగా అడిగాడు. ఆవిడ ఇల్లు చేరకముందే ఆ ప్రశ్న వీధికి చేరింది, అదీ ప్రశ్నలా కాదు. కళ్లద్దాల అక్క ప్లాంటువాళ్ల వైపు తిరిగిందట. కన్నకూతురికి ఊపిరాడక పోయినా పట్టదట. వెనక వీధివాళ్లు మసక అద్దాలతోనే తిరిగారు గానీ ఆ షాపు గడప తొక్కలేదు. పొద్దున్న పాలు తెచ్చే ఆయన కూడా గిన్నెలో పోస్తూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆవిడ మాస్టారి దగ్గరికి పోయి కూర్చుంది. జీవితమంతా పిల్లలకు నిజం తప్ప ఇంకేమీ నేర్పని మనిషి కదా, ఆయనైనా నోరు విప్పుతారని. ప్రయోగం తప్పే, ఒప్పుకుంటాను, అన్నారు. కానీ ఫలితం మాత్రం సరిగ్గా వస్తోందే, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పుస్తకంలో లేదే అని, ఆవిడ కంటే ఆయనే ఎక్కువ కుంగిపోయారు. చివరికి ఆవిడే ఆయనకు ధైర్యం చెప్పి లేచింది.

బాబాయి సంగతి ఇంకా ఘోరం. ఎవరు తన గొంతు పట్టేస్తారోనని మాట్లాడటం మానేశాడు. కత్తెర చప్పుడు తప్ప ఏమీ వినపడని సెలూన్లో కూర్చోవడం ఎవరికీ అలవాటు లేదు. కస్టమర్లు అద్దంలో ఆయన్ని చూసి బెంగపెట్టుకున్నారు. ఒకరు గొంతు మాత్రలు తెచ్చిచ్చారు. ఒకరు ఇంట్లో ఏమైనా గొడవా అని పిన్నిని పక్కకు పిలిచి అడిగారు. ఆ బిల్లుకు ఓటేస్తానన్న మెంబరు గారిది ఎంత మంచి మనసో అని ఒక పెద్దాయన గడ్డం చేయించుకుంటూ పొగుడుతుంటే, బాబాయి కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పెద్దాయన ఊపిరి బిగబట్టాడు. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఇక అసలు మెంబరు గారు. ఆయన ఊళ్లో లేరు. తిరిగొచ్చి రైలు దిగగానే మెడలో దండ పడింది. ఆయన మెడలో దండ పడి చాలా కాలమైంది. ఎందుకని అడిగితే బాగుండదని నవ్వి ఊరుకున్నారు. కారు ఎక్కాక, అద్దాలు పైకెత్తి, నేనెప్పుడయ్యా మాట ఇచ్చింది, అని పీఏని అడిగారు. పీఏ ఫోను తీసి వినిపించాడు. ఆయన ఒకసారి విని, మళ్లీ పెట్టమని విని, ఇది నా గొంతులా లేదే అన్నారు.

"ఎవరి గొంతూ ఫోనులో వాళ్లకు తెలీదు సార్," అన్నాడు పీఏ.

అది నిజమే కదా. ఆయన ఆలోచనలో పడ్డారు. ప్లాంటువాళ్లు ఆ సాయంత్రమే కారేసుకుని వచ్చి, మాతో ఒకటి చెప్పి వాళ్లతో ఇంకొకటి చెప్తారా అని నిష్ఠూరమాడారు. వాళ్లకేం చెప్పిందీ ఆయనకు సరిగ్గా గుర్తులేదు. ఈలోగా ఎటూ తేల్చని మిగతా మెంబర్లు చెవులు కొరుక్కున్నారు. ఆయన ఊరికే ఒప్పుకునే మనిషి కాదు, పైనుంచి ఏదో తెలిసే ఉంటుంది అనుకుని, ఎందుకైనా మంచిదని వాళ్లూ బిల్లుకే సై అన్నారు. వాళ్లు సై అన్నారని పేపర్లో చూసి, అయితే నిజంగానే పైనుంచి ఏదో ఉందని మెంబరు గారు అనుకున్నారు. ఇలా ఎవరికీ ఏమీ తెలియకుండానే అందరికీ నమ్మకం కుదురుతూ వచ్చింది.

ఓటింగు రోజున కమిటీ బస్సులో బయల్దేరింది. బిల్లు చెడగొట్టబోయిందని కళ్లద్దాల అక్క పక్కన ఎవరూ కూర్చోలేదు, బాబాయి వచ్చి కూర్చున్నాడు. శాసనసభలో నడవా పొడుగ్గా, చల్లగా ఉంది, నున్నటి గచ్చు మీద చెప్పుల చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. గ్యాలరీ తలుపు తెరిచేదాకా అక్కడి బల్ల మీద కూర్చోమన్నారు. ఆ పక్క గదిలోంచి మెంబరు గారు బయటికొచ్చారు, వెనక పీఏ. ఆవిడే సార్, మీ గొంతు మీది కాదన్నది, అని పీఏ చూపించాడు.

మెంబరు గారు అతన్ని మంచినీళ్లకు పంపించి, వచ్చి ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చున్నారు. దగ్గరగా చూస్తే మామూలు మనిషే, నిద్ర చాలని కళ్లు.

"రోజూ చాలామందికి చాలా మాటలు ఇస్తుంటానమ్మా, అన్నీ గుర్తుండవు," అన్నారు. "నేనన్నానని ఊరంతా అంటోంది. అనలేదని మీరొక్కరే అంటున్నారు. కాసేపట్లో చెయ్యెత్తాలి. నిజం చెప్పండి, నేను మీకు మాట ఇచ్చానా?"

పిన్ని ఆవిడ భుజం పట్టుకుని గట్టిగా నొక్కింది. ఒక్క మాట చాలు. ఇచ్చారండీ అంటే అయిపోతుంది, ఆయన నమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు, నమ్మకపోయినా అడిగేవాడు లేడు. కూతురి ముఖం ఆవిడ కళ్ల ముందుకు వచ్చే ఉంటుంది. చేతిలో గేటు పాసు నలిగి ముద్దయిపోయింది.

"ఇవ్వలేదండీ," అంది.

పిన్ని చెయ్యి భుజం మీంచి జారిపోయింది. బాబాయి లేచి నిలబడి, ఇన్నాళ్లుగా వాడని గొంతు సవరించుకుని, ఆ మాట అన్నది నేనండీ, మీలా నటిస్తూ అన్నాను, నన్నేమన్నా పడతాను, అన్నాడు. మెంబరు గారు ఆయన్ని కింది నుంచి పై దాకా చూశారు. కోపం వస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆయన మాత్రం ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా వేళ్లు మడవడం మొదలుపెట్టారు.

"దండలేశారు, బ్యానర్లు కట్టారు, థాంక్స్ చెప్పారు," అన్నారు నెమ్మదిగా. "ఒక్కరూ నన్ను అడగలేదన్నమాట."

"అడుగుదామనేనండీ ఇంత ప్రాక్టీసు చేశాం," అన్నారు మాస్టారు. "మీరు టైము ఇవ్వలేదు."

లోపల ఓటింగు బెల్ మోగడం మొదలైంది. నడవాలో జనం తలుపుల వైపు కదిలారు. మెంబరు గారు లేవలేదు.

"అయితే ఇప్పుడు అడగండి," అన్నారు.

ఇన్ని ఆదివారాలు చెప్పించిన మాటలు ఆవిడ నోటికి ఒక్కటీ రాలేదు. దుమ్ము లెక్కలు రాలేదు. మాస్టారు పెదవులు కదుపుతూ అందించబోయారు గానీ ఆవిడ అటు చూడలేదు.

"మా అమ్మాయికి ఊపిరాడటం లేదండీ," అంది. "ఓటేస్తారా?"

ఆయన వాచీ చూసుకోలేదు. చూద్దాం అనలేదు. వేస్తానమ్మా అని లేచి, మంచినీళ్ల గ్లాసుతో ఎదురొచ్చిన పీఏని దాటుకుని లోపలికి వెళ్లిపోయారు.

సభలో ప్లాంటు వైపు మెంబరు ఒకాయన లేచి, మొన్నమొన్నటిదాకా మాతో ఉండి ఇప్పుడు ఇలా ఎందుకు మారారో చెప్పాలని నిలదీశాడు. మెంబరు గారు నిలబడి, మా వాళ్లకు మాట ఇచ్చాను, దాని మీదే ఉంటాను, అన్నారు. బల్లలు మోగాయి. ఆయన చెయ్యి లేచింది, ఆయన్ని చూసి ఎటూ తేల్చనివాళ్ల చేతులూ లేచాయి, బూడిద బిల్లు నెగ్గింది. గ్యాలరీలో చప్పుడు చెయ్యకూడదు కాబట్టి వీధి కమిటీ చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. తను తోసిన ముక్కను ఊరంతా నమ్మేసరికి తనూ నమ్మేసిన బేకరీ ఆవిడ వెనక వరసలోంచి ముందుకు వంగి, చూశావా, ఆయన మాట ఇవ్వలేదని ఎన్ని మాటలన్నావు, అని కళ్లద్దాల అక్క చెవిలో గొణిగింది.

ఆ మాట ఇచ్చి ఇంకా బెల్ మోగినంతసేపు కూడా కాలేదని మెంబరు గారు సభకు చెప్పలేదు, అబద్ధం చేతకాని ఆవిడా బేకరీ ఆవిడకు చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?